కారుకు జీపీఎస్ డబ్బా కొంటున్నారా? ముందు దాంట్ల మ్యాప్ ఏ ఏడాదిదో చూడండి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో గల్ఫ్‌తో సంబంధం లేని గల్లీ దొరకడం కష్టం. సెలవు మీద వచ్చే భాయ్ సూట్‌కేసులో అత్తరు, ఖర్జూరం, దుప్పట్లతో పాటు ఈమధ్య మరో వస్తువు కూడా కనిపిస్తోంది. అరచేతిలో పట్టేంత స్క్రీన్, అద్దానికి అతుక్కునే రబ్బరు కప్పు, సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే చార్జర్. కారులో దారి చూపించే జీపీఎస్ యూనిట్. 'రియాద్‌ల నాలుగేండ్లు దీన్తోనే నడిపిన, ఒక్కసారి కూడా దారి తప్పలె' అని తెచ్చినవాళ్లు గర్వంగా చెప్తారు. ఇంటి ముందున్న కారులో పెట్టి ఆన్ చేస్తే మాత్రం తెల్లటి ఖాళీ స్క్రీన్, మధ్యలో ఒక చిన్న బాణం గుర్తు. రోడ్డు లేదు, ఊరు లేదు.

యూనిట్ పాడైపోయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది బాగానే పనిచేస్తోంది. తానెక్కడుందో దానికి తెలుసు. ఆ చోట ఏముందో మాత్రం తెలియదు. ఈ తేడా అర్థమైతే కొనేటప్పుడు డబ్బు నష్టపోయే అవకాశం సగానికి సగం తగ్గుతుంది.

ఆకాశం నుంచి వచ్చేది మ్యాప్ కాదు

జీపీఎస్ అనేది అమెరికా ప్రభుత్వం నడిపే ఉపగ్రహాల వ్యవస్థ. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో కనీసం 24 ఉపగ్రహాలు ఎప్పుడూ పనిచేస్తూ ఉండేలా దాన్ని నడుపుతారు. ఒక్కొక్కటి రోజుకు రెండుసార్లు భూమిని చుట్టి వస్తుంది. ప్రతి ఉపగ్రహం పంపే సిగ్నల్‌లో ముఖ్యంగా ఉండేది రెండే సంగతులు: 'నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైం ఇంత.' కారులోని యూనిట్ కనీసం నాలుగు ఉపగ్రహాల సిగ్నళ్లు అందుకుని, ఒక్కొక్కటి వచ్చి చేరడానికి ఎంత సమయం పట్టిందో లెక్కగట్టి, తానున్న చోటు కనుక్కుంటుంది. దీనికి సిమ్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు, నెలనెలా రీచార్జ్ అసలే అక్కర్లేదు. సాధారణ ప్రజలకు అందే సిగ్నల్‌ను అమెరికా 2000 మే వరకు కావాలనే కొంత చెడగొట్టి వదిలేది. అది ఆపేశాకే కారు నావిగేషన్ మామూలు జనానికి పనికొచ్చే స్థాయికి వచ్చింది.

మ్యాప్ సంగతి వేరు. రోడ్లు, వంతెనలు, వన్‌వేలు, ఊళ్ల పేర్లు అన్నీ ఏదో ఒక కంపెనీ సర్వే చేసి తయారుచేసిన ఫైల్. అది యూనిట్ మెమరీలోనో, మెమరీ కార్డులోనో ఉంటుంది. కంపెనీలు ఈ ఫైళ్లను ప్రాంతాల వారీగా అమ్ముతాయి. గల్ఫ్‌లో కొన్న యూనిట్‌లో అక్కడి దేశాల మ్యాప్ ఉంటుంది. ఇండియా మ్యాప్ ఉండాలన్న రూల్ ఏమీ లేదు. ఇండియా మ్యాప్ విడిగా కొని ఎక్కించుకునే వీలు కొన్ని మోడళ్లకు ఉంటుంది, కొన్నింటికి ఉండదు. కాబట్టి గల్ఫ్ నుంచి తెప్పించుకునేవాళ్లు అక్కడి షాపులో మోడల్ నంబర్ చెప్పి, 'దీంట్లోకి ఇండియా మ్యాప్ ఎక్కుతుందా, దాని ధర ఎంత?' అని ముందే అడిగించాలి. మ్యాప్ ధర కలుపుకుంటే 'అక్కడ చీప్' అన్న లెక్క చాలాసార్లు తిరగబడుతుంది.

పేరు ఒకటే, వస్తువులు నాలుగు

'కారుకు జీపీఎస్ కావాలి' అని అడిగితే షాపులోనైనా, ఆన్‌లైన్‌లోనైనా ముందుగా చూపించేది ఎక్కువగా ట్రాకర్. చిన్న డబ్బా, లోపల సిమ్, స్క్రీన్ ఉండదు. కారు ఎక్కడుందో అది మీ ఫోన్‌కు చెప్తుంది, మీకు దారి మాత్రం చెప్పదు. కారు దొంగతనం భయం ఉన్నవాళ్లకు, డ్రైవర్‌ను పెట్టి బండి తిప్పేవాళ్లకు అది మంచిదే. దారి కోసం అడిగి అది కొనుక్కొస్తే మాత్రం డబ్బు వృథా.

రెండోది ఆండ్రాయిడ్ స్టీరియో. డ్యాష్‌బోర్డులో పాత టేప్ తీసేసి పెట్టే పెద్ద స్క్రీన్. ఇది మొబైల్ లాంటిదే. నెట్ కావాలంటే ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకోవాలి, లేదా సిమ్ వేసుకోవాలి. ఫోన్ స్క్రీన్‌నే అక్కడ చూపించే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే ఉన్న సెట్లు వాడటానికి ఇంకా సుఖం. మూడోది మనం మాట్లాడుకుంటున్న పోర్టబుల్ నావిగేషన్ యూనిట్. ఒక కారు నుంచి తీసి ఇంకో కారులో పెట్టుకోవచ్చు.

నాలుగోదాని విషయంలో జాగ్రత్త. చూడటానికి చిన్న జీపీఎస్‌లాగే ఉంటుంది గానీ, ఉపగ్రహం ద్వారా మెసేజ్‌లు పంపుతుంది, కొన్ని రకాలైతే కాల్స్ కూడా చేస్తాయి. గార్మిన్ కంపెనీ 'ఇన్‌రీచ్' పరికరాలు, తురాయా శాటిలైట్ ఫోన్లు ఈ కోవలోవి. టెలికాం శాఖ అనుమతి లేకుండా ఇలాంటివి ఇండియాలోకి తేవడం చట్టవిరుద్ధం. 2024 డిసెంబర్‌లో గోవా ఎయిర్‌పోర్టులో ఒక కెనడా మహిళను బ్యాగులో ఇన్‌రీచ్ ఉందని సెక్యూరిటీ వాళ్లు ఆపి, పోలీసులకు అప్పగించారు. ఆమె పర్వతాల్లో పరుగెత్తే క్రీడాకారిణి, అత్యవసరానికి పెట్టుకున్న పరికరం అది. అయినా కేసు తప్పలేదు. మామూలు కారు జీపీఎస్‌కు ఈ ఇబ్బంది లేదు, ఎందుకంటే అది సిగ్నల్ వింటుంది తప్ప పంపదు. ఒకే కంపెనీ రెండు రకాలూ తయారుచేస్తుంది కాబట్టి 'గార్మిన్‌ది ఏదో ఒకటి పట్టుకురా' అని దుబాయ్‌లో ఉన్న తమ్ముడికి చెప్పడం మంచిది కాదు. మోడల్ పేరు రాసి పంపండి.

నీళ్ల కింద ఉన్న రోడ్లు

మ్యాప్ పాతదైతే ఏమవుతుందో సిరిసిల్ల, వేములవాడ వాళ్లకు వేరే ఉదాహరణ చెప్పక్కర్లేదు. మిడ్ మానేరు కట్టకు ఇవతల కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి, చింతల్‌ఠాణా, చీర్లవంచ, అనుపురం, రుద్రవరం లాంటి ఊళ్లు ఒకప్పుడు రోడ్ల మీద ఉన్న ఊళ్లు. 25 టీఎంసీలకు పైగా నీళ్లు పట్టే ఆ రిజర్వాయర్ కింద ఇప్పుడు ఆ పాత రోడ్లు మునిగి ఉన్నాయి. అవే పేర్లతో వేరేచోట పునరావాస కాలనీలు వచ్చాయి. పదేళ్ల కిందటి మ్యాప్ ఉన్న యూనిట్‌లో ఊరి పేరు కొడితే అది మిమ్మల్ని పాత ఊరికే, అంటే నీళ్లలోకే తీసుకుపోతుంది. దానికి చెరువు కనిపించదు. దాని లెక్కలో అక్కడింకా ఇళ్లు, బడి, బస్టాపు ఉన్నాయి.

మన ప్రాంతంలో మ్యాప్ పాతదా కొత్తదా తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. కొనే ముందు స్క్రీన్ మీద సిరిసిల్ల, వేములవాడ, కరీంనగర్ మధ్య ప్రాంతాన్ని పెద్దగా చేసి చూడండి. మిడ్ మానేరు నీలం రంగులో పెద్దగా కనిపించాలి. అక్కడ సన్నటి వాగు గీత, దాని పక్కన ఊళ్ల చుక్కలు కనిపిస్తే ఆ మ్యాప్ పాతది. దాన్ని అక్కడే వదిలేయండి.

ఇంకో సులువైన గుర్తు రాష్ట్రం పేరు. ఊరు వెతకడానికి ముందు కొన్ని పాత యూనిట్లు రాష్ట్రాన్ని ఎంచుకోమంటాయి. ఆ జాబితాలో తెలంగాణ లేకుండా ఆంధ్రప్రదేశ్ కిందే జగిత్యాల వస్తే, ఆ మ్యాప్ 2014 జూన్‌కు ముందుది. తెలంగాణ ఉండి కూడా జగిత్యాల, సిరిసిల్ల ఇంకా కరీంనగర్ జిల్లాలోనే కనిపిస్తే 2016 అక్టోబర్ 11కు ముందుది కావచ్చు. ఆ రోజే రెండూ కొత్త జిల్లాలయ్యాయి.

స్పెల్లింగ్ గోల కూడా తక్కువేమీ కాదు. మన ఊరు తెలుగులో జగిత్యాల, ఉర్దూ మాట్లాడేవాళ్ల నోట జగ్తియాల్. ఇంగ్లిష్ బోర్డుల మీద ఒక్కోచోట ఒక్కో తీరు. కోరుట్లను కోరట్ల అని రాసిన మ్యాపులూ ఉన్నాయి. ఫోన్ యాప్ స్పెల్లింగ్ కాస్త తప్పినా అర్థం చేసుకుంటుంది. పాత యూనిట్లు ఒక్క అక్షరం తేడా వచ్చినా 'దొరకలేదు' అంటాయి. దానికన్నా ప్రమాదం, దొరికిందనుకుని వేరే ఊరికి పోవడం. రాయికల్ అని కొడితే మన జగిత్యాల జిల్లా రాయికల్ రావచ్చు, షాద్‌నగర్ దగ్గర టోల్‌గేట్ ఉన్న రాయికల్ కూడా రావచ్చు. ధర్మపురి అంటే తమిళనాడులో ఏకంగా ఒక జిల్లా ఉంది. కాబట్టి 'స్టార్ట్' నొక్కే ముందు మొత్తం దూరం ఎంత చూపిస్తోందో ఒకసారి చూసుకోవాలి. జగిత్యాల నుంచి ధర్మపురికి వందల కిలోమీటర్లు చూపిస్తుంటే ఎక్కడో తేడా కొట్టినట్టే.

పెళ్లికార్డు మీద లొకేషన్, యూనిట్‌కు అందదు

ఇక అసలు ప్రశ్న. చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉండగా ఈ డబ్బా అవసరమా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఎక్కువ కుటుంబాలకు అవసరం లేదు. దానికి పెద్ద కారణం టెక్నాలజీ కాదు, మనం అడ్రస్ చెప్పుకునే పద్ధతి.

మన దగ్గర ఇంటి నంబర్ పట్టుకుని ఎవరూ ఇల్లు వెతకరు. 'టవర్ సర్కిల్ దాటి, మస్జిద్ పక్క గల్లీ, నీలం గేటు' అని చెప్తారు. ఇప్పుడు అదీ పోయి వాట్సాప్‌లో లొకేషన్ పంపుతున్నారు. షాదీఖానా లొకేషన్ పెళ్లికార్డు మీద క్యూఆర్ కోడ్‌గా వేస్తున్నారు. ఫోన్‌లో వేలితో ఒక్కసారి తాకితే దారి మొదలవుతుంది. యూనిట్‌లో వాట్సాప్ ఉండదు, క్యూఆర్ స్కాన్ చేసే వీలు ఉండదు. లొకేషన్‌లోని అంకెలు చూసి చేత్తో కొట్టాలి. అక్కడో చిక్కు ఉంది. వాట్సాప్ లొకేషన్ దశాంశాల్లో ఉంటుంది, ఉదాహరణకు సిరిసిల్లకు 18.39. చాలా యూనిట్లు డిగ్రీలు, నిమిషాల్లో అడుగుతాయి. 18.39 అంటే 18 డిగ్రీల 39 నిమిషాలు కాదు, సుమారు 18 డిగ్రీల 23 నిమిషాలు. ఇది తెలియక 18, 39 అని కొట్టేస్తే సుమారు 29 కిలోమీటర్లు ఉత్తరానికి పోయి నిలబడతారు. సెట్టింగ్స్‌లో దశాంశాల పద్ధతికి మార్చుకునే ఆప్షన్ ఉంటుంది, మార్చుకోవాలి.

రెండో కారణం ట్రాఫిక్. రోడ్డు మీద ఉన్న వేల ఫోన్ల కదలికను బట్టి ఎక్కడ జామ్ అయిందో గూగుల్ మ్యాప్స్ చెప్తుంది. నెట్ లేని యూనిట్‌కు ఆ సంగతి తెలియదు. పల్లె రోడ్డు మీద దాని అవసరం పెద్దగా ఉండదు గానీ, శంషాబాద్‌లో ఫ్లైట్ పట్టుకోవాల్సినప్పుడు చాలా ఉంటుంది.

'ఫోన్‌కు సిగ్నల్ పోతే?' అనే భయంతోనే చాలామంది యూనిట్ వైపు చూస్తారు. ఆ భయానికి ఖర్చు లేని మందు ఉంది. ఫోన్‌లో కూడా ఉపగ్రహ సిగ్నల్ పట్టే చిప్ ఉంటుంది, అది నెట్ లేకున్నా పనిచేస్తుంది. నెట్ కావాల్సింది మ్యాప్‌కే. ఆ మ్యాప్‌ను ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దించుకోవచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో మూలన ఉన్న మీ ఫొటో నొక్కితే 'ఆఫ్‌లైన్ మ్యాప్స్' అని కనిపిస్తుంది. అందులో జగిత్యాల నుంచి శంషాబాద్ దాకా చతురస్రం సాగదీసి డౌన్‌లోడ్ చేసుకోవాలి. కొంతకాలానికి అది అప్‌డేట్ అడుగుతుంది, చేయకపోతే ఎక్స్‌పైర్ అవుతుంది. ఆఫ్‌లైన్‌లో కారు దారి చెప్తుంది గానీ ట్రాఫిక్ చెప్పదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాప్ మీద నడిచే ఓస్‌మ్‌అండ్, ఆర్గానిక్ మ్యాప్స్ యాప్‌లలో తెలంగాణ మొత్తాన్ని ఒకేసారి దించుకోవచ్చు. మన దేశానికే చెందిన, 1995లో మొదలైన మ్యాప్‌మైఇండియా కంపెనీది 'మ్యాపుల్స్' అనే యాప్ ఉంది. ఒకప్పుడు ఇండియా మ్యాప్‌తో కారు యూనిట్లు అమ్మిన కంపెనీ ఇదే. రెండు యాప్‌లు పెట్టుకుని, తెలియని ఊరికి పోయేటప్పుడు రెండూ ఒకే దారి చూపిస్తున్నాయా అని చూసుకోవడం మంచి అలవాటు.

ఎయిర్‌పోర్టు దారి, ఒక చిన్న సెట్టింగ్

మన వాళ్లు ఎక్కువగా చేసే దూరప్రయాణం శంషాబాద్‌దే. ఎవరినో దింపడానికో, తీసుకురావడానికో. దారులు ప్రధానంగా మూడు. జగిత్యాల వాళ్లకు కరీంనగర్ మీదుగా సిద్దిపేట, రాజీవ్ రహదారి. కోరుట్ల వాళ్లలో కొందరు మెట్‌పల్లి, ఆర్మూర్ పోయి 44వ నంబర్ హైవే ఎక్కుతారు. వేములవాడ, సిరిసిల్ల మీదుగా సిద్దిపేట చేరేది మూడోది. ఏ దారిన పోయినా హైదరాబాద్ శివారులో 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఊళ్లోకి పోకుండా ఎయిర్‌పోర్టు చేరొచ్చు.

యూనిట్‌లో 'తక్కువ దూరం' అని పెట్టి ఉంటే అది మిమ్మల్ని ఔటర్ ఎక్కించకుండా సికింద్రాబాద్, మెహిదీపట్నం మీదుగా నగరం మధ్యలోంచి తోలుకుపోతుంది. కిలోమీటర్లు తగ్గుతాయి, గంటలు పెరుగుతాయి. 'టోల్ వద్దు' అని పెట్టినా అదే కథ, ఎందుకంటే ఔటర్‌కు టోల్ ఉంది. గల్ఫ్ నుంచి వచ్చిన యూనిట్‌లోనైనా, సెకండ్ హ్యాండ్‌లో కొన్నదాంట్లోనైనా పాత ఓనర్ పెట్టిన సెట్టింగులు అలాగే ఉంటాయి. మొదట చూడాల్సింది అవే. 'తక్కువ సమయం' అని పెట్టి, టోల్ దగ్గర టిక్ తీసేయాలి. ఇక ఎన్నింటికి చేరతారో చూపించే టైం విషయానికొస్తే, నమాజ్‌కు, చాయ్‌కి, పిల్లలకు వాంతులు అయినప్పుడు ఆగే సమయం ఏ మెషీన్ లెక్కలోనూ ఉండదు. ఇంటర్నేషనల్ ఫ్లైట్‌కు మూడు గంటల ముందు రమ్మంటారు కదా, ఆ మూడు గంటలకు ఇంకో గంట కలిపి బయల్దేరే పెద్దవాళ్ల పద్ధతే ఇప్పటికీ సరైనది.

మరి ఎవరికి పనికొస్తుంది?

అందరికీ వద్దని కాదు. స్మార్ట్‌ఫోన్ వాడటం రాని, బటన్ ఫోన్‌తోనే ఉండే అబ్బాజాన్ కారు నడుపుతుంటే ఆయనకు యూనిట్ సులువు. ఒకటే పని చేస్తుంది, మధ్యలో కాల్ వచ్చి దారి మాయం కాదు. ఒకే ఫోన్ మీద కిరాయిలు మాట్లాడుకుంటూ, డబ్బులు తీసుకుంటూ, దారి కూడా చూసుకునే టాక్సీ డ్రైవర్లకు రెండో స్క్రీన్ ఉంటే మంచిదే. అయితే వీళ్లు కూడా ఒక లెక్క వేసుకోవాలి. పేరున్న కంపెనీ కొత్త యూనిట్‌కు పెట్టే డబ్బుతో మామూలు స్మార్ట్‌ఫోన్ ఒకటి వస్తుంది. ఇంట్లో పక్కన పడేసిన పాత ఫోన్ ఉంటే దాంట్లో ఆఫ్‌లైన్ మ్యాప్ దించి, సిమ్ లేకుండానే కారులో పెట్టుకోవచ్చు. దానికయ్యే ఖర్చు ఒక స్టాండు, ఒక చార్జర్. చాలామందికి ఇదే సరిపోతుంది.

అయినా యూనిటే కావాలనుకుంటే, షాపులోనో, అమ్మేవాళ్ల ఇంటి ముందో ఆన్ చేయించి చూడకుండా తీసుకోవద్దు. పైన చెప్పిన మిడ్ మానేరు పరీక్ష చేయండి. మీకు బాగా తెలిసిన దారి ఒకటి, ఉదాహరణకు కోరుట్ల నుంచి ఆర్మూర్, అడిగి చూడండి. అది చెప్పే దారి మీకు నవ్వు తెప్పిస్తే, తెలియని దారిలో అది ఏడిపిస్తుంది. తెలుగు లేదా ఉర్దూ వాయిస్ ఉందని పెట్టె మీద రాసి ఉంటే అక్కడే విని చూడండి. ఆన్‌లైన్‌లో పెద్ద పేరు లేని ఏడు అంగుళాల స్క్రీన్లు చవకగా దొరుకుతాయి. వాటి వివరాల్లో యూరప్, అమెరికా మ్యాప్ అని రాసి ఉంటే మన దగ్గర అవి మొదట్లో చెప్పిన ఖాళీ స్క్రీనే. 'లైఫ్‌టైమ్ మ్యాప్ అప్‌డేట్' అన్న మాటకు కూడా మోసపోవద్దు. అక్కడ లైఫ్ అంటే మీ జీవితకాలం కాదు. ఆ మోడల్ పనిచేసినంత కాలం, లేదా కంపెనీ దానికి మ్యాప్‌లు ఇచ్చినంత కాలం. షరతుల్లో చిన్న అక్షరాల్లో ఇది రాసే ఉంటుంది.

మరీ పాత సెకండ్ హ్యాండ్ యూనిట్లతో ఇంకో సమస్య ఉంది. జీపీఎస్ వ్యవస్థ వారాలను లెక్కపెట్టుకునే విధానంలో 1,024 వారాలకోసారి, అంటే దాదాపు 20 ఏళ్లకోసారి, లెక్క మళ్లీ సున్నాకు వస్తుంది. చివరిసారి 2019 ఏప్రిల్ 6 రాత్రి అలా జరిగింది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కాని కొన్ని పాత పరికరాల్లో ఆ తర్వాత తేదీ తప్పుగా రావడం మొదలైంది. యూనిట్‌లో తేదీ చూడండి. దాదాపు ఇరవయ్యేళ్ల వెనక్కి పోయి ఉంటే దాని సాఫ్ట్‌వేర్‌ను ఎవరూ పట్టించుకోలేదని అర్థం.

'నావిక్ ఉందా?' అని కూడా ఈమధ్య అడుగుతున్నారు. అది మన ఇస్రో ప్రాంతీయ ఉపగ్రహ వ్యవస్థ, మొదటి ఉపగ్రహం 2013లో వెళ్లింది. ఉంటే మంచిదే. కానీ ఇప్పుడొచ్చే ఫోన్లు జీపీఎస్‌తో పాటు రష్యా, యూరప్, చైనా ఉపగ్రహాలను కూడా వింటాయి. మన రోడ్ల మీద దారి తప్పడానికి ఉపగ్రహాల కొరత కాదు కారణం. కాబట్టి నావిక్ కోసం అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు.

ఎండ, అద్దం, చలాన్

జగిత్యాల ఎండ సంగతి తెలిసిందే. మే నెలలో బయటే 45 డిగ్రీలు దాటితే, అద్దాలు మూసి ఎండలో నిలబెట్టిన కారు లోపల ఇంకెంతో ఎక్కువ ఉంటుంది. యూనిట్లలో, ఫోన్లలో ఉండేది లిథియం బ్యాటరీ. అద్దానికి అతికించి వదిలేసి పెళ్లికి పోతే బ్యాటరీ ఉబ్బుతుంది, రబ్బరు కప్పు పట్టు వదిలి కింద పడుతుంది. దిగేటప్పుడు వెంట తీసుకుపోవాలి, దొంగల భయం ఎలాగూ ఉంది. ఫోన్‌ను చార్జింగ్ పెట్టి ఎండలో నడిపితే వేడెక్కి స్క్రీన్ మసకబారుతుంది. ఏసీ గాలి వచ్చే చోట బిగించే స్టాండు వాడితే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

స్టాండు డ్రైవర్ చూపుకు అడ్డం రాకూడదు. ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉన్న మూత మీద అస్సలు పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఆ డబ్బా రాయిలాగా ఎగిరి ముఖానికి తగులుతుంది.

చట్టం విషయానికొస్తే, 2020 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నియమాల సవరణ ప్రకారం బండి నడుపుతూ ఫోన్ లాంటి పరికరాన్ని దారి చూసుకోవడానికి మాత్రమే వాడొచ్చు, అదీ డ్రైవర్ ధ్యాస చెదరకుండా. స్టాండులో పెట్టి వాయిస్ వింటూ పోతే ఇబ్బంది లేదు. చేత్తో పట్టుకుని చూస్తే చలాన్. ఊరి పేరు కొట్టడం, దారి మార్చడం లాంటి పనులు బండి ఆపాకే చేయాలి, లేదా పక్కన కూర్చున్నవాళ్లు చేయాలి.

డబ్బా చెప్పినా నీళ్లలోకి పోవద్దు

2024 మే నెలలో హైదరాబాద్ నుంచి కేరళ చూడటానికి వెళ్లిన నలుగురు కొట్టాయం జిల్లా కురుప్పంతర దగ్గర రాత్రిపూట వర్షంలో మ్యాప్ చెప్పిన దారిన పోయి, పొంగుతున్న వాగులోకి కారు తోలారు. కారు మునిగింది, అదృష్టం కొద్దీ నలుగురూ బయటపడ్డారు. అదే ఏడాది నవంబర్ 24న ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర ముగ్గురికి ఆ అదృష్టం లేదు. రామగంగ మీద వంతెనలో కొంత భాగం వరదకు కొట్టుకుపోయింది. మ్యాప్‌లో మాత్రం అది పూర్తి వంతెనే. కారు నదిలో పడి ముగ్గురూ చనిపోయారు. ప్రజా పనుల శాఖ ఇంజనీర్లతో పాటు మ్యాప్ సంస్థ ప్రతినిధి మీద కూడా పోలీసులు కేసు పెట్టారు. అక్కడ అడ్డుగా ఒక గోడ కట్టి ఉంటే ఆ ముగ్గురూ బతికేవారు, ఆ తప్పు మ్యాప్‌ది మాత్రమే కాదు.

ఈ రెండు చోట్లా వాడింది నెట్ ఉన్న, ఎప్పటికప్పుడు మారే మ్యాప్. నెట్ లేని పాత యూనిట్‌తో ప్రమాదం ఇంకా ఎక్కువే తప్ప తక్కువ కాదు. వానాకాలంలో మన దగ్గర కూడా లోలెవల్ వంతెనల మీదుగా వాగులు పారుతాయి. ఆ వార్త ఏ మ్యాప్‌కూ వెంటనే చేరదు. రోడ్డు సన్నబడుతూ మట్టిబాట అయిపోతే, ముందు లైట్ వెలుగులో నీళ్లు మెరిస్తే, బండి ఆపి, దిగి చూడాలి. దగ్గర్లో చాయ్ హోటలో, పంక్చర్ షాపో ఉంటే 'అన్నా, ఈ తొవ్వ పోతదా?' అని అడగడం నామోషీ కాదు.

బిల్లు

యూనిట్ ఇక్కడ కొంటే జీఎస్టీ బిల్లు తీసుకోండి, దాని మీద మోడల్ నంబర్, సీరియల్ నంబర్ రాయించండి. ఇండియా మ్యాప్ ఉందని, అప్‌డేట్ ఉచితమని అమ్మేవాడు నోటితో చెప్పినదాన్ని బిల్లు మీద ఒక లైనుగా రాయమనండి. రాయనంటే ఆ మాటకు విలువ లేదన్నట్టే. గల్ఫ్‌లో కొన్నదానికి అక్కడి వారంటీ ఇక్కడి సర్వీస్ సెంటర్‌లో చాలాసార్లు చెల్లదు, కొనే ముందే వారంటీ కార్డు మీద ఏ దేశాల పేర్లున్నాయో చూడమనండి. ఇక్కడ కొన్నది చెప్పినట్టు లేకపోతే, షాపువాళ్లు పట్టించుకోకపోతే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అక్కడా పని కాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. వస్తువు ఎక్కడ కొన్నా, ఫిర్యాదు చేసేవాళ్లు తాము ఉండే జిల్లా నుంచే వేసుకునే వీలు ఆ చట్టంలో ఉంది.